వాళ్ళ రక్తంలోనే ఉందట

మొన్న ఒక స్నేహితుడికి నాలుగు నిమిషాల వీడియో పంపాను. బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరం. గుండ్రాళ్ళు పరిచిన ఏటవాలు వీధి, ఇరువైపులా రంగుల మేడలు, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నలుపు పూసిన డ్రమ్ములు నడుముకు తగిలించుకుని వందమందికి పైగా మనుషులు. ఒలోదుం బృందం వాళ్ళు. వీడియో పూర్తిగా చూడటానికి పట్టే సమయం కూడా గడవకముందే జవాబు వచ్చింది: "అద్భుతం! వాళ్ళ రక్తంలోనే ఉంది కదా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పాపం, మెచ్చుకున్నాడు మనిషి. మెచ్చుకున్నవాడి మీద అలగడం మర్యాద కాదని తెలుసు. అయినా ఆ ‘రక్తం’ అన్న మాట రెండు రోజులు పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. మన విద్వాంసుడు మృదంగం మీద వేళ్ళు పరుగెత్తిస్తే ‘ఎంత సాధన!’ అంటాం. నల్లజాతి మనిషి డ్రమ్ము వాయిస్తే ‘రక్తం’ అంటాం. మొదటి మాటలో గురువు ఉన్నాడు, తెల్లవారుజామున లేచి చేసిన అభ్యాసం ఉంది, వాచిన వేళ్ళున్నాయి. రెండో మాటలో ఏమీ లేదు. పుట్టాడు, వాయించాడు, అంతే.

కోపానికి అసలు కారణం వేరే ఉంది. దాదాపు ఇరవై ఏళ్ళు నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

1996లో నేను తొమ్మిదో తరగతి. రాజమండ్రిలో మా వీధికి కేబుల్ టీవీ వచ్చిన కొత్త. మైకేల్ జాక్సన్ పాట ఒకటి రోజుకు నాలుగైదుసార్లు వేసేవారు. స్పైక్ లీ తీసిన వీడియో అది. జాక్సన్ ఏదో పాత వీధిలో ఆడుతుంటే చుట్టూ డ్రమ్ముల దండు ఒకటి వాయిస్తూ ఉంటుంది. అతని ఒంటి మీది బనియనుపై ‘ఒలోదుం’ అన్న పేరు స్పష్టంగా కనిపిస్తుంది. అదేదో బట్టల కంపెనీ అనుకున్నాను. డ్రమ్ములవాళ్ళను అమెరికా నుంచి తన వెంట తెచ్చుకున్నాడనీ అనుకున్నాను. అప్పటికి నాలుగేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నవాణ్ణి. ఒకరోజు ఆ వీడియో మా మాస్టారి కంటపడింది. అర నిమిషం చూసి, "చప్పుడు" అన్నారు. నేనూ తల ఊపాను. తాళం వేసి చూద్దామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఆ తర్వాత మృదంగం అటకెక్కింది, చదువు, ఉద్యోగం, మామూలే.

2014లో పని మీద జర్మనీ వెళ్ళి కొలోన్‌లో ఏడాదిన్నర ఉన్నాను. శీతాకాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మాట్లాడే మనిషి లేడు. ఆఫీసులో ఒకామె జాలిపడి, బుధవారాలు ఒక బడి నేలమాళిగలో బ్రెజిల్ డ్రమ్ముల క్లాసు జరుగుతుంది, రమ్మంది. నేర్పే ఆవిడ సాల్వడార్ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. అంత డ్రమ్ముల హోరులో పని చేస్తూ గొంతు పెంచకపోవడమే ఆమెలో నాకు మొదట నచ్చింది. అన్నీ చేతి సైగలే.

మృదంగం తెలిసినవాణ్ణని కాస్త గర్వంగానే చెప్పుకున్నాను. ఆమె తల ఊపి, గదిలో అన్నిటికంటే పెద్ద డ్రమ్ము చూపించింది. సుర్దో అంటారు. నీళ్ళ పీపా అంత ఉంటుంది. పట్టీతో నడుముకు కట్టుకోవాలి. నడుస్తుంటే దాని అంచు మోకాలి పైన తగులుతుంది. మెత్తటి ఉండ బిగించిన కర్ర ఒకటి చేతికిచ్చింది. నా పని, రెండు అడుగులకు ఒకసారి ఒక దెబ్బ కొట్టడం. అంతే. మిగతా సమయమంతా ఊరికే నిలబడటం.

ఐదు నిమిషాలు బుద్ధిగా కొట్టాను. ఆరో నిమిషంలో చేయి ఊరుకోలేదు. మధ్యలో చిన్న జతి ఒకటి ఇరికించాను. బాగుందనిపించింది. ఇంకొకటి వేశాను. అరుధీలు, ఫరన్లు, నాలుగేళ్ళ చదువులో మిగిలినదంతా తీయబోతుండగా ఆమె పిడికిలి పైకెత్తింది. ముప్పైమంది ఒక్కసారిగా ఆగిపోయారు. నా దగ్గరకు వచ్చి, కర్ర నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "నీ రెండు దెబ్బల మధ్య ఉన్న ఖాళీ నీది కాదు" అంది. ఎదుటి వరుసలో చిన్న డ్రమ్ములు పట్టుకున్నవాళ్ళను చూపించి, "అది వాళ్ళది."

ఆ దెబ్బతో ఈ డ్రమ్ములన్నీ కలిసి పని చేసే తీరు నాకు అర్థమైంది. సుర్దోల్లో రెండు రకాలు ఒకదానికొకటి పిలుపు, పలుకులా మార్చి మార్చి పడతాయి. మూడో రకాన్ని రెండు కర్రలతో వాయిస్తారు. పాట ఊగేది దాని మీదే. కైషా అనే పలుచటి డ్రమ్ము ఆగకుండా గలగలమంటూ మాత్రలన్నీ నింపుతూ, కొన్నిటిని మాత్రం గట్టిగా నొక్కుతుంది. పైన రెపీక్ సన్నటి బెత్తాలతో చిటపటలాడుతూ ఉంటుంది. ఏ ఒక్క డ్రమ్మునూ విడిగా వింటే పాట లేదు. మృదంగంలో కుడి, ఎడమ, మీటు, చాపు అన్నీ ఒకే మనిషి చేతుల్లో ఉంటాయి. ఆ మృదంగాన్ని ముక్కలు చేసి వీధి మొత్తానికి పంచితే ఇది. నా ముక్క నేను సరిగ్గా పట్టుకోవాలి, పక్కవాడి ముక్క లాక్కోకూడదు. మా మాస్టారి దగ్గర ‘కాలప్రమాణం’, అంటే ఎత్తుకున్న వేగాన్ని తప్పకుండా నిలబెట్టడం, అన్న మాట వెయ్యిసార్లు విన్నాను. దాని బరువు మాత్రం ఆ నేలమాళిగలో, ఒక్క దెబ్బ కోసం ఎదురుచూస్తూ ఊరికే నిలబడ్డప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ట్రాములో, సుర్దో అంచు తగిలి కమిలిన తొడ మీదే వేళ్ళతో కైషా నొక్కులను గుర్తుచేసుకుంటూ లెక్కపెట్టాను. మొత్తం మాత్రలు పదహారు. నొక్కులు ఐదు. ఒకటి, నాలుగు, ఏడు, పదకొండు, పద్నాలుగు. అంటే మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. నోటితో అంటే ఇలా వస్తుంది: తకిట తకిట తకధిమి తకిట తకిట.

ఎంతసేపు నవ్వుకున్నానో! ఆదితాళం రెండో కాలంలో సరిగ్గా ఒక ఆవర్తనం, తాళం ఒక పూర్తి చుట్టు. చిన్నప్పుడు ముక్తాయింపుల్లో వేసిన లెక్క లాంటిదే. తేడా ఒకటుంది. మనం ఇలాంటి లెక్కను చివరికి దాచుకుంటాం, చుట్టి తిప్పి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడేసి చప్పట్లు కొట్టించుకుంటాం. వాళ్ళకు అది నేల. దాని మీద నిలబడి మిగతావన్నీ చేస్తారు, గంటల తరబడి, కొండ దిగుతూ. దీనికంటే వేగంగా పరుగెత్తే రియో సాంబాలో అయితే అన్నిటికంటే బరువైన దెబ్బ మొదటి అడుగు మీద కాకుండా రెండో అడుగు మీద పడుతుంది. సమాన్ని గుడిలో దేవుడిలా చూసుకునే నాలాంటివాడికి మొదట్లో చెప్పు ఎడమకాలిది కుడికాలికి తొడిగినట్టుగా ఉంటుంది.

‘చప్పుడు’ అని తల ఊపినవాణ్ణి నేను. పదహారు మాత్రలు లెక్కపెట్టే ఓపిక కూడా లేకుండా.

బృందాన్ని నడిపేవారిని వాళ్ళు ‘మెస్త్రె’ అంటారు. పోర్చుగీసు మాట. మన ‘మేస్త్రీ’ అదే. ఐదువందల ఏళ్ళ కిందట మన తీరానికి వచ్చిన పోర్చుగీసు నావికులతోపాటు బొత్తాం, అల్మారా, పీపా వచ్చినట్టే ఇదీ వచ్చింది. మనం దాన్ని గోడలు కట్టేవాడికి ఇచ్చాం, వాళ్ళు లయ కట్టేవాడికి ఇచ్చారు. రెండూ పనితనం పేర్లే. ఈ సంగతి తెలిశాక ఆ రక్తం మాట ఇంకా చిరాకు తెప్పిస్తుంది. మేస్త్రీని చూసి ఎవరైనా ‘ఇటుకలు నీ రక్తంలో ఉన్నాయి’ అంటారా?

ఇక అసలు వాదన. నా మిత్రుడు ‘వేల ఏళ్ళ ఆదిమ లయ’ అనుకుని విన్నది ఆదిమమూ కాదు, వేల ఏళ్ళదీ కాదు. సాంబా-రెగ్గే అనే ఆ పద్ధతి 1980ల్లో పుట్టింది. నాకంటే చిన్నది. దాని నిర్మాత ఎవరో కూడా తెలుసు: అంతోనియో లూయిస్ అల్వెస్ దె సౌజా, జననం 1955, మరణం 2009. జనం పిలుచుకున్న పేరు నెగిన్యో దో సాంబా. మన పల్లెల్లో ‘నల్లయ్య’ అని ముద్దుగా పిలిచినట్టు, సాంబా నల్లయ్య. ఇలె ఐయె అనే బృందంలో డ్రమ్ములు నడిపి, 1980ల మొదట్లో ఒలోదుంకి వచ్చాడు. పాత సాంబా వేగాన్ని తగ్గించాడు. జమైకా రెగ్గేలోని బరువును, ఆ ఊపును తెచ్చి కలిపాడు. సుర్దోల స్వరస్థాయులను విడగొట్టి ఒక్కో వరుసకు ఒక్కో పని అప్పగించాడు. రియోలో ఒక చేత్తోనూ ఒక కర్రతోనూ వాయించే రెపీక్‌కు రెండు సన్నటి బెత్తాలు ఇచ్చాడు. ఆ చిటపట శబ్దం వచ్చింది అక్కడి నుంచే. కూర్చుని ఆలోచించి, తప్పులు చేసి, దిద్దుకుని, పిల్లలకు నేర్పి నిలబెట్టిన పని ఇది. 1993లో ఆడవాళ్ళకోసం దిదా అనే డ్రమ్ముల బృందాన్ని కూడా పెట్టాడు. పెద్ద డ్రమ్ములు మగవాళ్ళ సొత్తు అనే మాట అక్కడా ఉండేది మరి.

పాటకు మాట, వరస రెండూ కట్టినవాణ్ణి వాగ్గేయకారుడు అంటాం. లయను కనిపెట్టినవాడికి పేరు కూడా మిగల్చకుండా ‘జాతి’ ఖాతాలో వేసేస్తాం. ఇది పొగడ్త రూపంలో ఉన్న దొంగతనం అంటాను. ఎవరికైనా ఈ మాట ఘాటుగా అనిపిస్తే ఏం చేయలేను.

ఇలె ఐయె కథ చెప్పకపోతే నెగిన్యో దో సాంబా గాలిలోంచి ఊడిపడ్డట్టుంటుంది. సాల్వడార్ 1549 నుంచి 1763 దాకా పోర్చుగీసు బ్రెజిల్ రాజధాని. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చి బ్రెజిల్‌లో ప్రాణాలతో దించినవారు సుమారు 48 లక్షలు. అదే ఉత్తర అమెరికా గడ్డకు నేరుగా చేర్చినవారు నాలుగు లక్షల లోపు. బానిసత్వాన్ని అమెరికా ఖండాలన్నిటిలో చిట్టచివరగా రద్దుచేసిన దేశం కూడా బ్రెజిలే, 1888 మే 13న. ఒలోదుం వాయించే ఆ అందమైన వీధి పేరు పెలోరిన్యో. పర్యాటకుల పోస్టుకార్డుల మీద రంగురంగులుగా కనిపిస్తుంది. ఆ మాటకు అర్థం కొరడాదెబ్బలకు మనిషిని కట్టే స్తంభం.

విడుదల వచ్చాక కూడా డ్రమ్ముకు విడుదల రాలేదు. 1905లో సాల్వడార్ పోలీసులు కార్నివాల్‌లో ఆఫ్రికా ఆచారాలు, డ్రమ్ములతో ఊరేగడం మీద నిషేధం పెట్టారు. ఆఫ్రికా దేవతలను కొలిచే కందోంబ్లె గుళ్ళు పూజ చేసుకోవాలంటే పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలన్న నిబంధన, సాల్వడార్ ఉన్న బయ్యా రాష్ట్రంలో 1976 దాకా నడిచింది. 1976! మన దగ్గర అత్యవసర పరిస్థితి నడుస్తున్న రోజులు. రక్తంలోంచి దానంతటదే పొంగుకొచ్చే సంగతైతే ఇన్ని పోలీసు నిబంధనలు దేనికి? ఎవరో ఒకరు దాచిపెట్టి, ఇంకొకరికి చాటుగా నేర్పి, కాపాడితేనే అది నిలిచింది.

1974 నవంబర్ 1న సాల్వడార్‌లోని లిబెర్దాజీ పేటలో, కురుజు అనే కొండవాలు వీధిలో కొందరు కుర్రాళ్ళు తమకంటూ ఒక కార్నివాల్ బృందం పెట్టుకున్నారు. ముందున్నవాడు అంతోనియో కార్లోస్. ముద్దుపేరు వొవో, అంటే తాత. ఇరవైల్లో ఉన్నవాడికి ఆ పేరెలా వచ్చిందో కానీ, ఇప్పుడు సార్థకమైంది. మొదట ‘నల్ల శక్తి’ అని పేరు పెడదామనుకున్నారు. సైనిక నియంతృత్వం నడుస్తున్న కాలం, ఆ పేరుతో బయటికి వస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. చివరికి పశ్చిమాఫ్రికాకు చెందిన యొరుబా భాషలోంచి ‘ఇలె ఐయె’ తీసుకున్నారు. ఇల్లు, లోకం అనే రెండు మాటలు. వొవో తల్లి ఇల్దా కందోంబ్లె పూజారిణి. వాళ్ళ ఇల్లే గుడి, అదే రిహార్సళ్ళ చోటు. ఆమె కూడా నెగిన్యో పోయిన 2009లోనే పోయింది. నల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశం అన్నది బృందం నియమం.

1975 కార్నివాల్‌లో వీధిలోకి వచ్చారు. పౌలిన్యో కమఫ్యు రాసిన పాటలో ప్రశ్న వాళ్ళదే, జవాబూ వాళ్ళదే: ఇదేం బృందం, తెలుసుకోవాలనుంది, ఇది నల్ల లోకం, మీకు చూపించడానికి వచ్చాం. ఆ వారం ‘అ తార్జీ’ పత్రిక పెట్టిన శీర్షికకు అర్థం ‘జాత్యహంకార బృందం, అపస్వరం’. జనాభాలో అత్యధికులు నల్లవాళ్ళే అయిన నగరంలో పేరున్న క్లబ్బుల ఊరేగింపులన్నీ తెల్లగా వెళ్తుంటే ఎవరికీ ఏ అపస్వరమూ వినిపించలేదు. వీళ్ళు తలుపు వేసుకోగానే వినిపించింది. ఆ నియమం నాకు మొదట చేదుగానే తగిలింది, దాచను. ఎవరినైనా రంగు చూసి ఆపడం ఏమిటి అనుకున్నాను. తర్వాత నాకు నేనే ఒక ప్రశ్న వేసుకున్నాను: ఊళ్ళోని ఇళ్ళన్నీ నిన్ను రానివ్వనప్పుడు, నువ్వు కట్టుకున్న ఒక్క ఇంటికి గడియ పెట్టుకుంటే దాన్ని కూడా అదే మాటతో పిలవాలా? రెండేళ్ళ తర్వాత జిల్బెర్తో జిల్ ఆ పాటను తన ఆల్బంలో పాడాడు. ఆ జిల్లే 2003లో దేశానికి సాంస్కృతిక మంత్రి అయ్యాడు.

మనవాళ్ళు ఇంకో మాట అంటారు. ‘ఊపు సరే, సాహిత్యం ఏముంది?’ తెలుగువాడికి ఈ ప్రశ్న సహజం. పాట అనగానే చరణంలో పదం వెతుక్కునే జాతి మనది. కాబట్టి సాహిత్యం సంగతే చూద్దాం.

1987 కార్నివాల్‌కు ఒలోదుం ఎంచుకున్న అంశం ఈజిప్టు. లూసియానో గోమెస్ రాసిన ‘ఫరావో’ పాట ఆ ఏడు నగరాన్ని ఊపేసింది. జనం నోట్లోంచే రేడియోకు, రికార్డుకు చేరింది. మార్గరెత్ మెనెజెస్ అనే గాయని పేరు దానితోనే మోగింది. 2023లో ఆమె కూడా సాంస్కృతిక మంత్రి అయింది. ఆ పాటలో ఏముందో తెలుసా? ఒసిరిస్, ఐసిస్, తమ్ముడు సెత్ చేసిన హత్య, కొడుకు హోరస్ తీర్చుకున్న పగ, తుతన్‌ఖామున్, అఖెనతెన్. ఆ పైన పెలోరిన్యో ప్రస్తావన. మండుటెండలో, చెమటలో, లక్షలమంది ఎగురుతూ పాడిన డాన్సు పాట ఒక పురాణ ఘట్టం! ఆ తర్వాతి ఏడాది అంశం మడగాస్కర్. రెయ్ జులు రాసిన పాటలో ఇమెరీనా రాజ్యం, ఇవాతో నగరం, రణవలోన రాణి వస్తారు. ఈ పేర్లు అప్పటికి బ్రెజిల్ పాఠ్యపుస్తకాల్లో వెతికినా దొరకవు. పిల్లలకు ఆఫ్రికా అంటే బానిసల ఓడతో మొదలయ్యే పాఠం. ఆఫ్రికా చరిత్రను బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని చట్టం వచ్చింది 2003 జనవరిలో. డ్రమ్ములు ఆ పాఠాన్ని పదహారేళ్ళ ముందే మొదలుపెట్టేశాయి. హరికథకుడు ఏం చేస్తాడో మనకు తెలుసు కదా, కథ చెబుతూ గజ్జె ఆడిస్తాడు. ఇక్కడ గజ్జె కట్టింది ఊరంతా.

అన్ని పాటలూ ఇలాంటివే అనడం లేదు. 1985లో అదే నగరంలో ఊగిపోయిన ‘ఫ్రికోతె’ అనే పాటలో నల్లపిల్ల గరుకు జుట్టు మీద వెకిలి హాస్యం ఉంది. కాళ్ళు దానికీ ఆడాయి. ఊపు ఉన్నంత మాత్రాన గొప్పదనం రాదు, ఊపు ఉన్నంత మాత్రాన పోదు కూడా.

ఇక ఈ సంగీతంలో భారతదేశానికి నిజంగానే చోటున్న మూల ఒకటుంది. 1949 ఫిబ్రవరిలో, గాంధీ హత్య జరిగి ఏడాది దాటిన కొద్దిరోజులకు, సాల్వడార్ రేవులో మూటలు మోసే కూలీలు ‘ఫిల్యోస్ జి గాంధీ’ అనే బృందం పెట్టారు. గాంధీ బిడ్డలు. డబ్బుల్లేవు కాబట్టి మంచం దుప్పట్లు కట్టుకున్నారు, తలకు తువాలు చుట్టుకున్నారు. ఈ ‘తువాలు’ కూడా పోర్చుగీసు నుంచి మనకు వచ్చినదే. వాళ్ళు తలకు చుట్టుకునేదానికీ, మనం భుజాన వేసుకునేదానికీ ఒకటే పేరు. ఇప్పుడు వేలమంది మగవాళ్ళు తెల్లటి అంగీలు, నీలం తెలుపు పూసల దండలతో, లావెండరు అత్తరు చల్లుకుంటూ ఒక తెల్లని నదిలా నడుస్తారు. వాయించేది ఇజెషా అనే నెమ్మదైన లయ, అగోగో అనే జంట గంటల మీద. బయలుదేరే ముందు కందోంబ్లె దేవత ఎషుకు నైవేద్యం పెడతారు.

ఈ ఫొటో మొదటిసారి చూసినప్పుడు రాజస్థాన్‌లో ఏదో జాతర అనుకున్నాను. తెలిశాక ఛాతీ పొంగింది. ఆ పొంగు కొంచెం తగ్గించుకోవలసి వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి రోజుల్లో గాంధీ అక్కడి నల్లవాళ్ళ గురించి రాసిన మాటలు చదవడానికి సిగ్గుగా ఉంటాయి. ఆ కారణంగానే 2018లో ఘానా విశ్వవిద్యాలయంలో ఆయన విగ్రహాన్ని తీసేశారు. రేవు కూలీలకు ఆ రాతలు తెలిసే అవకాశం లేదు. వాళ్ళు తీసుకున్నది బ్రిటిషువాళ్ళను కదిలించిన బక్కమనిషిని, శాంతి అన్న మాటను. శాంతి పేరుతో తెల్లబట్టల్లో నడిచే నల్లవాళ్ళ మీద లాఠీ ఎత్తడం పోలీసులకు కాస్త ఇబ్బందే. ఆ లెక్క కూడా వాళ్ళకు ఉండే ఉంటుందని నా అనుమానం. అందుకే ఈ ముచ్చటను ‘మన గాంధీ గొప్పతనం’ అని వాట్సాప్‌లో తిప్పడం కంటే ‘ఆ కూలీల తెలివి’ అని చెప్పుకోవడం సబబు. ఆ బృందంలో దండ ఇచ్చి ముద్దు అడిగే ఆచారం ఒకటి పాతుకుపోయింది. అడగకుండా లాక్కునేవాళ్ళ మీద ఆడవాళ్ళ ఫిర్యాదులు కూడా వచ్చాయి. గాంధీ పేరు మీద, అదీ సంగతి.

డబ్బు విషయానికొస్తే నా ఉత్సాహం ఎప్పుడూ కాస్త నీరుగారుతుంది. సాల్వడార్ కార్నివాల్‌లో స్పీకర్లు బిగించిన పెద్ద లారీలు పేరున్న గాయకులను మోసుకుంటూ కదులుతాయి. లారీ చుట్టూ తాడు. డబ్బు కట్టి అబదా అనే చొక్కా కొనుక్కున్నవాళ్ళు తాడు లోపల ఆడతారు. తాడును చేత్తో పట్టుకుని, లోపలివాళ్ళకు బయటి జనం తగలకుండా గంటలకొద్దీ ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళు కూలీలు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. చొక్కా కొనలేక తాడు బయట ఆడే జనానికి ఒక పేరుంది, పిపోకా. అంటే పేలాలు. మూకుడులో పేలాల్లా ఎగురుతారని.

1990లలో ‘అషె’ పేరుతో ఈ లయలు దేశమంతా అమ్ముడుపోయాయి. లారీల మీద నిలబడి పెద్ద తారలైనవాళ్ళు చాలావరకు లేతరంగు చర్మం ఉన్నవాళ్ళే. పాల్ సైమన్ తన 1990 ఆల్బం మొదటి పాటకు ఒలోదుం డ్రమ్ములను పెలోరిన్యోలో ఆరుబయటే రికార్డు చేసుకుని, పాటను తర్వాత ఆ లయ మీద కట్టాడు. డ్రమ్ముల బృందం పేరు వేశాడు, అది నిజం. పాట రాసినవారి చోట మాత్రం తన పేరే. ముందు పుట్టింది లయ, దాని మీద నిలబడింది పాట. అయినా హక్కుల చట్టం దృష్టిలో మాట, వరస ఉన్నదే పాట, లయ మాత్రం ఊరుమ్మడి చెరువు. ‘రక్తం’ అన్న మాట చివరికి తేలేది ఇక్కడే. పుట్టుకతో వచ్చినదానికి ఎవరూ రాయల్టీ ఇవ్వరు కదా! 2024 చివర్లో ఒక పెద్ద తార తన పాత పాటలో సముద్రదేవత యెమాంజా పేరు తీసేసి ఏసు పేరు హీబ్రూలో పెట్టి పాడింది. బయ్యాలో పెద్ద గొడవై, ప్రభుత్వ న్యాయవాదుల విచారణ దాకా వెళ్ళింది. లయ కావాలి, దాని దేవత వద్దు.

ఇది చదివేవాళ్ళలో సగం మంది ఈపాటికి ‘మన డప్పు కథ కూడా ఇంతే’ అనుకుని ఉంటారు. ఆ పోలిక నేనూ రాయబోయి చాలాసార్లు ఆగాను. ఓడల్లో తెచ్చిన బానిసత్వం వేరు, ఊరి చివర నిలబెట్టిన కులం వేరు. ఒకదాన్ని చూపి ఇంకొకటి అర్థమైందనుకోవడం సోమరితనం. ఒక్కచోట మాత్రం పోలిక తప్పించుకోలేను. అక్కడ ‘రక్తం’ అన్నచోట ఇక్కడ మనం ‘కులవిద్య’ అంటాం. డప్పు తోలును మంట దగ్గర ఎంతసేపు ఎంత దూరంలో కాచాలో, ఎడమచేతి సన్నపుల్ల ఎలా పట్టుకోవాలో నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో మా మృదంగం క్లాసులో ఏ ఒక్కరోజూ ఎవరూ అడగలేదు. నేను అడిగానా?

కురుజులో ఇలె ఐయె బయలుదేరే శనివారం రాత్రి వీడియోలు ఎన్ని చూసినా తనివి తీరదు. ఇంటి ముందు పావురాలను వదులుతారు. జనం తలల మీదుగా దోసిళ్ళతో పేలాలు చల్లుతారు, రోగాలను పోగొట్టే దేవతకు అవి ఇష్టం. తాడు బయటి జనాన్ని ఎగతాళిగా పిలిచే పేలాలే ఇక్కడ దీవెన. డ్రమ్ములు ఇంకా మొదలుకావు. వందలమంది కర్రలు పైకెత్తి పట్టుకుని మెస్త్రె చేతి వంక చూస్తుంటారు. నేను ప్రతిసారీ ఆ పది క్షణాలే వెనక్కి తిప్పి చూస్తాను. వాయించడానికి ముందు వాళ్ళు ఊపిరి బిగపట్టే తీరు.

నా మిత్రుడికి ఇదంతా రాయలేదు. రాస్తే చదవడు. ఐదు మాటలు మాత్రం పంపాను: తకిట తకిట తకధిమి తకిట తకిట. నోటితో అంటూ ప్రతి మాట మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టమన్నాను, కాలు మాత్రం సమంగా నేలమీద ఆడించాలని షరతు. గంట తర్వాత ఆడియో వచ్చింది. మొదటి రెండు తకిటలు బాగానే వెళ్ళాయి. తకధిమి దగ్గర కాలు చేతి వెంట పరుగెత్తింది. "ఉండు, ఉండు" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే. వెనకాల వాళ్ళమ్మాయి నవ్వు వినిపిస్తోంది. ఐదోసారికి కుర్చీ జరిపిన చప్పుడైంది, లేచి నిలబడ్డట్టున్నాడు.